రాజు కూర్చునే చోటు

గౌరినాయుడికి తన రిసెప్టర్ ఎక్కడ కూర్చుంటుందో తెలుసు. అక్కడే ఎందుకు కూర్చుంటుందో తెలియదు.

ఆ ఒక్క 'ఎందుకు' అతనికి అన్నం సహించనివ్వడం లేదు.

హైదరాబాద్ శివార్లలో ఒక పరిశోధనాలయం. అక్కడ సకీనా మేడమ్ దగ్గర అతను పీహెచ్‌డీ చేస్తున్నాడు. అతనిది పార్వతీపురం దగ్గర పల్లె. మనిషి చువ్వలా ఉంటాడు. చదివేదేమో కొవ్వు కణాల గురించి. ఎవరైనా అడిగితే వాళ్ళమ్మ "మావోడు కొవ్వు మీద చదువుతున్నాడు" అని చెప్పేది. "నీ ఒంట్లో లేనిదాని మీద నీకు చదువేటిరా" అని మేనమామ వెక్కిరించేవాడు.

నాయుడు ఆ మాటలు పట్టించుకోలేదు. అతనికి ఆ కణమంటే ప్రాణం.

కొవ్వు కణం పుట్టుకతోనే కొవ్వు కణం కాదు. మొదట సన్నగా, సాగదీసినట్టు, ఇంకా ఏ పనికీ ఒప్పుకోని కణంలా ఉంటుంది. సరైన హార్మోన్లు తగిలితే నాలుగైదు రోజుల్లో గుండ్రబడి, లోపల నూనె బొట్లు నింపుకోవడం మొదలుపెడుతుంది. అది తన పని తాను చేయకపోతే ఆ నూనె కాలేయంలోకీ గుండెలోకీ పోయి మనిషిని తినేస్తుంది.

ఈ మార్పునంతా నడిపించేది కణం మధ్యన, కేంద్రకంలో ఉండే ఒక ప్రోటీన్. పేరు పీపార్ గామా. కేంద్రకంలో పనిచేసే రిసెప్టర్లలో, అంటే ఫలానా అణువు తగిలితే పని మొదలుపెట్టే ప్రోటీన్లలో, అదొకటి. ఒక చిన్న కొవ్వు అణువు వచ్చి దాని ఒడిలో ఇమిడిందంటే, డీఎన్‌ఏ మీద కూర్చున్న ఆ రిసెప్టర్ నిద్రపోతున్న జన్యువులను తట్టి లేపుతుంది. ల్యాబులో అందరూ దాన్ని 'రాజు' అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది నాయుడే.

రాజు కూర్చోవాలంటే డీఎన్‌ఏ మీద ఒక గుర్తు ఉండాలి. కొన్ని అక్షరాల వరుస, అంతే. అయితే ఆ వరుస డీఎన్‌ఏ మీద లక్షల చోట్ల ఉంది. రాజు మాత్రం అందులో కొన్ని వేల చోట్లే ఎంచుకుని కూర్చుంటాడు. మిగతా చోట్ల వైపు కన్నెత్తి చూడడు. అక్షరాలు అవే. వరుస అదే.

ఆ తేడా ఏమిటో కనిపెడదామని నాయుడు అక్షరాలను ఎన్ని రకాలుగానో పోల్చి చూశాడు. అటూ ఇటూ ఉన్న అక్షరాలనూ చూశాడు. ఏమీ దొరకలేదు.

అతని పని చూడటానికి వచ్చిన పెద్దలు మొహమాటపడలేదు. "మ్యాపు బాగా గీశావు బాబూ. ఎందుకో చెప్పనంతవరకు అది మ్యాపే, థీసిస్ కాదు" అనేసి వెళ్ళిపోయారు.

నాయుడు నేరుగా మేడమ్ గదికి వెళ్ళాడు.

సకీనా మేడమ్‌ది కర్నూలు. మాట తక్కువ. ఆమెకు జవాబు చెప్పడం చేతకాదని కొత్తగా చేరిన విద్యార్థులు అనుకునేవాళ్ళు. ఏడాది గడిచాక ఆ మాట అనేవాళ్ళు కాదు.

"మేడమ్, గుర్తు అన్నిచోట్లా ఒకటే. రాజు కొన్నిచోట్లే కూర్చుంటున్నాడు. ఎందుకు?"

మేడమ్ అతని ముఖం చూసింది. కుర్చీలోంచి లేచింది. వరండా చివర ఉన్న డీప్ ఫ్రీజర్ దగ్గరికి నడిచింది. అతను వెంట వెళ్ళాడు. ఆమె మందపు చేతి తొడుగులు వేసుకుని, కింది అరల్లో పేరుకున్న మంచును గీకి, ట్యూబులు పేర్చిన అట్టపెట్టె ఒకటి బయటికి లాగింది. పెట్టె చుట్టూ తెల్లటి పొగ కమ్మింది. దాన్ని అతని చేతుల్లో పెట్టింది.

"ఈ ట్యూబుల మీద పని చెయ్" అంది.

పెట్టె మూత మీద నీలి సిరాతో రాసి ఉంది: ఎస్తేరు.

ఆ పేరు ల్యాబులో అందరికీ తెలుసు. ఎస్తేరు రాణి అతనికంటే ముందు ఇక్కడ పనిచేసింది. అతను చేరేసరికి వెళ్ళిపోయింది. ఆమె చదివింది ఇవే కణాల గురించి. కాకపోతే హార్మోన్లు వేసిన తరువాత మొదటి గంటల్లో ఏం జరుగుతుందో చూసింది. ఆ గంటల్లో రాజు ఊసే ఉండదు. అప్పుడు వచ్చేది ఇంకో రిసెప్టర్. మనిషికి ఒత్తిడి కలిగినప్పుడు ఒంట్లో ఊరే హార్మోన్ ఉంది కదా, దాన్ని గుర్తుపట్టే రిసెప్టర్. ల్యాబులో జీఆర్ అంటారు. అది హడావుడిగా వచ్చి, డీఎన్‌ఏ మీద అక్కడా ఇక్కడా కాసేపు కూర్చుని, వచ్చినంత తొందరగానే లేచిపోతుంది.

అది కూర్చున్న చోట్లలో ఎస్తేరు వెతికి చూసింది. చుట్టుపక్కల ఒక్క కొవ్వు జన్యువూ లేవలేదు. ఏళ్ళ తరబడి చూసింది. అయినా లేవలేదు. అది ఉత్త చప్పుడే, అర్థం లేదన్నారు పెద్దలు. ఒకరోజు ఆమె బల్ల ఖాళీ చేసి వెళ్ళిపోయి, ఎక్కడో డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటోంది. అప్పటినుంచీ ల్యాబులో ఎవరి ప్రయోగం బెడిసినా "ఎస్తేరు బాట పడుతున్నావు జాగ్రత్త" అనడం ఆనవాయితీ అయింది.

"మేడమ్, ఇవి మొదటి గంటలవి" అన్నాడు నాయుడు.

"అవును."

"అప్పటికి రాజు పుట్టనే లేదు."

"లేదు."

"పుట్టనివాడు ఎక్కడ కూర్చుంటాడో వీటిలో ఎలా తెలుస్తుంది మేడమ్?"

"పెట్టె కరిగిపోతా ఉండాది" అంది ఆమె. "పోయి పని చూసుకో."

అతనికి కోపం వచ్చింది. తన మ్యాపుకు జవాబు అడిగితే ఒకరి ఓటమిని తెచ్చి చేతిలో పెట్టింది. అయినా కాదనే ధైర్యం లేదు. విసుక్కుంటూనే పని మొదలుపెట్టాడు.

పని కష్టమైనదే గానీ అర్థం కానిదేమీ కాదు. ఆ కణాలను ఎస్తేరు ఏ క్షణంలో ఎలా ఉన్నాయో అలాగే మందుతో బిగించి దాచింది. ఎవరు ఎక్కడ కూర్చున్నారో అక్కడే అతుక్కుపోయారు. ఇప్పుడు డీఎన్‌ఏను చిన్న ముక్కలు చేసి, జీఆర్‌ను మాత్రమే పట్టుకునే కొక్కెంతో లాగాలి. అది వస్తూ వస్తూ తాను కూర్చున్న ముక్కను కూడా వెంట తెస్తుంది. ఆ ముక్కలు చదివితే ఏ చోటివో తెలిసిపోతుంది. ఎస్తేరు కాలంలో ముక్కలన్నీ ఒకేసారి చదివే యంత్రం ఈ పరిశోధనాలయంలో లేదు. ఆమె ఒక్కో చోటూ చేత్తో వెతుక్కుంది. ఇప్పుడు యంత్రం ఉంది.

ఫలితాలు వచ్చిన రోజు నాయుడు భోజనానికి వెళ్ళబోతూ కంప్యూటర్ ముందు ఆగాడు. ఒకసారి చూసి పోదామనుకున్నాడు.

తెర మీద డీఎన్‌ఏ ఒక గీత. రిసెప్టర్ కూర్చున్న చోట గీత మీద కొండ లేస్తుంది. రాజు కొండలకు అతను ఎప్పుడో ఎర్ర రంగు ఇచ్చాడు. ఎస్తేరు కొండలకు నీలం ఇచ్చి, పైవరసలో పెట్టాడు.

నూనె బొట్టు చుట్టూ పొరలా అతుక్కునే ప్రోటీన్ ఒకటి ఉంది. ముందు దాని జన్యువు దగ్గరికి వెళ్ళాడు. పైన నీలి కొండ. సరిగ్గా దాని కిందే ఎర్ర కొండ.

కాకతాళీయం అనుకున్నాడు.

కొవ్వును మోసుకుపోయే ప్రోటీన్ జన్యువు దగ్గరికి జరిగాడు. నీలం. కిందనే ఎరుపు.

ఇంకోటి. నీలం, ఎరుపు.

ఇంకోటి చూశాడు. అక్కడ ఎరుపు మాత్రమే ఉంది. ఊపిరి వదిలాడు. ఆ తరువాతిది చూస్తే మళ్ళీ రెండూ ఉన్నాయి. దాని పక్కదీ అంతే. అన్నీ కాదు. కానీ ఎటు జరిగినా అవే జంటలు ఎక్కువగా ఎదురొస్తున్నాయి. చోటు ఇంచైనా తప్పలేదు. రోజుల తేడాతో వచ్చిన ఇద్దరు, ఒకరినొకరు చూసుకోని ఇద్దరు, అదే చోట కూర్చున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది, తిరగేసి చూడాలని. గుర్తు ఉండి కూడా రాజు కూర్చోని చోట్లకు వెళ్ళాడు. అక్షరాల వరుస చక్కగా ఉంది. ఎరుపు లేదు. పైన చూశాడు. నీలమూ లేదు. గీత చదునుగా ఉంది. ఇంకో చోటు చూస్తే అదీ చదునే. ఇంకోటీ చదునే.

డీఎన్‌ఏ విడిగా పరిచిన దారం కాదు. ఉండలు చుట్టి, ఉండల మీద ఉండలు పేర్చిన దారం. చుట్టలో ఇరుక్కున్న గుర్తు ఎంత బాగున్నా ఎవరికీ అందదు. ముందు ఎవరో వచ్చి ఆ చుట్ట సడలించాలి. ఈ సంగతి అతను పుస్తకంలో చదివాడు. పరీక్షలో రాశాడు. ఇప్పుడు మొదటిసారి కళ్ళతో చూశాడు: చుట్ట సడలించి పోయింది జీఆర్, సడలిన చోట కూర్చున్నది రాజు.

ల్యాప్‌టాప్ తెరిచి ఉన్నదున్నట్టే పట్టుకుని పరుగెత్తాడు. ల్యాబు చెప్పులు ల్యాబు గుమ్మంలోనే ఉండిపోయాయి. వరండాలో తుడుపుకర్ర పట్టుకున్న మనిషి "తడిగుంది సార్" అని అరిచాడు. నాయుడు జారాడు, నిలదొక్కుకున్నాడు, ఆగలేదు.

మేడమ్ క్యాంటీన్‌లో టీ తాగుతోంది. అతను ప్లేట్లు పక్కకు నెట్టి ల్యాప్‌టాప్ ఆమె ముందు పెట్టాడు. వేలు పెట్టి చూపించాడు. పైన నీలం. కింద ఎరుపు.

ఆమె కళ్ళజోడు సరిచేసుకుంది. వంగి చూసింది.

"ఇంకోటి చూపించు."

చూపించాడు.

"ఇంకోటి."

చూపించాడు.

"గుర్తుండీ కూర్చోనివి?"

చదును గీతలు చూపించాడు.

"యా అల్లా!" అంటూ ఆమె లేచి నిలబడింది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి చుట్టుపక్కల బల్లల వాళ్ళందరూ తిరిగి చూసేలా నవ్వింది. నాయుడి వీపు మీద చరిచింది. మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది. "ఇంకోటి, ఇంకోటి" అంటూ ఇద్దరూ అక్కడే డీఎన్‌ఏ పొడుగునా నడిచారు. టీ చల్లారి మీగడ కట్టింది.

చివరికి ఆమె ల్యాప్‌టాప్ మూత తానే మూసింది.

"కొండలు చూసి మనిషి తనకు కావలసింది ఊహించుకుంటాడు" అంది. "కణాన్ని అడుగు."

కణాన్ని అడగడమంటే నాయుడికి తెలుసు. రెండు గిన్నెల్లో ఒకే రకం కణాలు పోశాడు. రెండింటిలోనూ రాజును తానే బలవంతంగా తెచ్చి పెట్టాడు. రాజు ఒడిలో ఇమిడే మందు రెండింటికీ వేశాడు. ఒకే ఒక్క తేడా. ఒక గిన్నెకు మొదటి రోజు ఒత్తిడి హార్మోన్ ఇచ్చాడు. రెండో గిన్నెకు ఇవ్వలేదు.

తరువాత ఎదురుచూడటమే పని. ప్రతి ఉదయం ల్యాబుకు వచ్చి ఇంక్యుబేటర్ తలుపు పట్టుకునేవాడు, తెరిచేవాడు కాదు. మాటిమాటికీ కదిలిస్తే కణాలకు కోపం అని మేడమ్ చెప్పిన మాట గుర్తు చేసుకుని వెనక్కి తగ్గేవాడు.

చూసే రోజు వచ్చింది. నూనెను మాత్రమే పట్టుకునే ఎర్ర రంగు రెండు గిన్నెల్లో పోసి, కడిగి, మొదటి గిన్నెను మైక్రోస్కోపు కింద పెట్టాడు.

ఉడికిన సగ్గుబియ్యంలా ఉంది. కణం కణం గుండ్రబడి, ఒక్కొక్క దానిలో పది పదిహేను ఎర్రని బొట్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ మెరుస్తున్నాయి. వేలికొనతో మీటితే టప్పున పేలేలా ఉన్నాయి.

రెండో గిన్నె పెట్టాడు. పాలిపోయిన సన్నటి కణాలు బారులు తీరి పడుకున్నాయి. అక్కడొకటి ఇక్కడొకటి ఎర్ర బొట్టు. అంతే. తరువాత ఆ గిన్నె డీఎన్‌ఏ కూడా చదివి చూశాడు. రాజు ఉన్నాడు. మందూ ఉంది. నీలి కొండలు ఉండాల్సిన చోట్లలో చాలావాటి మీద రాజు కూర్చోలేదు.

నాయుడు కేక పెట్టాడు. ల్యాబంతా వచ్చి మైక్రోస్కోపు ముందు వరస కట్టింది. చూసినవాళ్ళు మళ్ళీ వెళ్ళి వరస చివర నిలబడ్డారు. కొవ్వు ల్యాబు కాబట్టి నేతి మైసూర్‌పాకే తినాలని ఎవరో పరుగున పోయి తెచ్చారు. ఆ రోజంతా గిన్నెలు కడిగే గదిలో కూడా నవ్వులే.

సంతోషం కొంచెం సర్దుకున్నాక నాయుడు పేపర్ రాశాడు. బాగా రాశాడు. రాజు తన చోటు ఎలా ఎంచుకుంటాడో కనిపెట్టామని మొదటి వాక్యంలోనే చెప్పాడు. మొదటి పేరు తనది, చివరి పేరు మేడమ్‌ది. అన్నీ అయ్యాక, అట్టడుగున, రసాయనాలు అమర్చినవారికీ యంత్రం నడిపినవారికీ కృతజ్ఞతలు చెప్పిన చోట ఎస్తేరు రాణి పేరు కూడా చేర్చాడు.

మేడమ్ చివరిదాకా చదివింది. ఆమె వేలు చివరి వాక్యం మీద ఆగింది.

"ఎస్తేరు పేరు ఈడ ఉండాదే?"

"ట్యూబులు ఆవిడవే కదా మేడమ్. అందుకే చేర్చాను."

ఆమె వేలు తీయలేదు. నాయుడు ఆ వేలును చూశాడు. ఆమె అడగని ప్రశ్నకు జవాబు చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆవిడ చూసినప్పుడు అందులో ఏమీ కనిపించలేదు మేడమ్. కనిపించింది నాకు. రాజు మ్యాపు నాది, రెండు గిన్నెలు నావి. ఆవిడ మధ్యలో వదిలేసి వెళ్ళిపోయారు. వెళ్ళిపోయినవాళ్ళకు ఇంతకంటే ఏమిస్తాం?"

ఆ మాటల్లో చెడ్డ బుద్ధి లేదు. అతనికి న్యాయంగానే తోచింది.

మేడమ్ కాగితాలు దొంతరగా సర్ది అతనికి ఇచ్చింది.

"జంగారెడ్డిగూడానికి బస్సు ఎప్పుడుండాదో కనుక్కో."

"ఎవరికి మేడమ్?"

"నీకే. ఎస్తేరు ఆడ పని చేస్తాంది. పోయి ఇది చూపించు."

"మెయిల్ పంపిస్తాను మేడమ్. సాయంత్రానికల్లా..."

"కాగితం కాదు, కొండలు. కంప్యూటర్ పట్టుకుని పో. ఎదురుగా కూచోబెట్టి చూపించు. నువ్వు ఏమీ చెప్పొద్దు. ఆమె ఏమంటాదో విని రా."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాయుడు ఆలోచించాడు. ఎస్తేరు ఏడుస్తుందనుకున్నాడు. మీవల్ల నా కష్టం వృథా కాలేదంటుంది. అప్పుడు తాను ఏమనాలి? "అంతా మేడమ్ దయ" అంటే బాగుంటుందా? దారి పొడుగునా ఆ వాక్యం సరిచేసుకుంటూ కూర్చున్నాడు.

కాలేజీలో జీవశాస్త్రం ల్యాబు చివర రేకుల గది. లోపల పిల్లలు ఉల్లిపొరలు ఒలిచి అద్దాల మీద పరుస్తున్నారు. నేత చీర, మోచేతిదాకా సుద్దపొడి, ముక్కు మీద జారే కళ్ళజోడు, ఆమే ఎస్తేరు. మేడమ్ పేరు చెప్పగానే ముఖం విప్పారింది.

"రండి, రండి. ఎలా ఉన్నారండీ మేడమ్? అడిగినదానికి జవాబు చెప్పడం నేర్చుకున్నారా?"

"ఇంకా లేదండీ."

ఆమె పకపకా నవ్వి కుర్చీ జరిపింది. నాయుడు ల్యాప్‌టాప్ తెరిచాడు. ముందు నీలి కొండలు మాత్రమే పెట్టాడు.

ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఇవి మొదటి గంటలవి కదూ" అంది నెమ్మదిగా. "జీఆర్. నా ట్యూబులు." కొంచెంసేపు చూసింది. "వీటిని మళ్ళీ ఎందుకు తవ్వారండీ? ఇందులో ఏమీ లేదు. నాకంటే ఎవరికీ తెలీదు ఆ సంగతి."

నాయుడికి జవాబు గొంతు దాకా వచ్చింది. ఏమీ చెప్పొద్దన్న మాట గుర్తొచ్చి మింగేశాడు. మీట నొక్కాడు.

కిందివరసలో ఎర్ర కొండలు లేచాయి.

"ఇవెవరివి?" అంది.

ఆ ఒక్కదానికి జవాబు చెప్పకుండా ఉండలేకపోయాడు. "పీపార్ గామా. నాలుగో రోజు."

ఎస్తేరు కళ్ళజోడు తీసి పమిట చెంగుతో తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది. ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుని, తానే మీటలు నొక్కుతూ కదిలింది. ఒక జన్యువు, ఇంకొకటి, ఇంకొకటి. ఆమె చూపుడు వేలు పై కొండ మీంచి కింది కొండ మీదికి దిగుతోంది, మళ్ళీ ఎక్కుతోంది. గంట కొట్టారు. పిల్లలు పుస్తకాలు సర్దుకుని ఆమెవైపు చూశారు. ఆమె వినలేదు.

"ఒక్క జన్యువూ లేవలేదని..." అంది. "దేవుడా, దీన్నెంత తిట్టానండీ నేను!"

ఒక్కసారిగా లేచి "ఒరేయ్, వెళ్ళకండి! అందరూ ఇటు రండి!" అని కేకేసింది. పిల్లలు మూగారు. ఉల్లి వాసన చేతులతో బల్ల పట్టుకుని వంగారు. ఆమె వాళ్ళకు నీలం చూపించింది, ఎరుపు చూపించింది. ఒక అమ్మాయి "మేడమ్, రెండూ ఒకే చోటున్నాయేంటి?" అంది. "అదే! అదేనే మరి!" అని ఎస్తేరు ఆ పిల్ల భుజాలు పట్టుకుని ఊపేసింది.

నాయుడు తన వాక్యం సిద్ధం చేసుకున్నాడు. ఆమె తనవైపు తిరుగుతుంది. తిరగగానే చెప్పాలి.

ఆమె తిరిగింది. ముఖంలో ఏడుపు లేదు. కనుబొమలు ముడిపడి ఉన్నాయి.

"నాయుడు గారూ, ఒకటి చెప్పండి. నా జీఆర్ కొన్ని గంటలు కూర్చుని లేచిపోతుంది."

"అవునండీ."

"మీ పీపార్ గామా వచ్చేసరికి రోజులు గడుస్తాయి."

"అవును."

"మధ్యలో ఎవరూ లేరు. చుట్ట సడలితే సడలినట్టు ఊరికే ఉండదు కదండీ. వదిలేస్తే మళ్ళీ బిగుసుకుపోవాలి. మరి అన్ని రోజులు ఆ చోటు మూసుకుపోకుండా పట్టుకున్నది ఎవరు?"

నాయుడు తెర వైపు తిరిగాడు.

నీలానికీ ఎరుపుకీ మధ్య అంత ఖాళీ ఉంది. అన్ని రోజులు దాన్ని చూశాడు. ల్యాబంతా చూసింది, మేడమ్ చూసింది. అది ఖాళీ అని ఎవరికీ తట్టలేదు.

ఎస్తేరు అప్పటికే బోర్డు దగ్గర ఉంది. ఉల్లి కణం బొమ్మను అరచేత్తో తుడిచేసి, ఆ చోట గీత గీసింది. గీత మీద ఒక మూల జీఆర్, ఇంకో మూల రాజు. మధ్యలో పేర్లు రాస్తోంది, కొట్టేస్తోంది, మళ్ళీ రాస్తోంది. "ఇదైతే మొదటి రోజే వస్తుంది, కానీ నిలుస్తుందా? ఇది నిలుస్తుంది. ఇద్దరూ కలిసి ఉండొచ్చు. ఒకళ్ళు పోయి ఒకళ్ళు కాపలా ఉండొచ్చు. రెండో రోజు కణాలు చూస్తే తెలిసిపోతుందండీ!"

"రెండో రోజువి మళ్ళీ పెంచాలి" అన్నాడు నాయుడు. "నెలలు పడుతుంది."

ఆమె సుద్దముక్క పట్టుకునే వెనక్కి తిరిగింది.

"పెంచడం ఎందుకండీ? నేను బిగించి పెట్టాను. రెండో రోజువీ మూడో రోజువీ. అదే ఫ్రీజర్లో, అడుగు అరలో. ఎవరికీ అక్కర్లేదు కదా అని ఎవరికీ చెప్పలేదు."

నాయుడు కూడా సుద్దముక్క తీసుకున్నాడు. అతను రాసినదాన్ని ఆమె కొట్టేసింది. ఆమె రాసినదానికి అతను అడ్డుచెప్పాడు. పిల్లల్లో సగంమంది వెళ్ళిపోయారు, సగంమంది బల్లలెక్కి కూర్చుని ఆట చూసినట్టు చూశారు. తాళాలు పట్టుకుని వచ్చిన అటెండరు గుమ్మంలో నిలబడి దగ్గి, మళ్ళీ దగ్గి, చివరికి లైటు ఆర్పాడు. అప్పుడు ఆగారు.

బస్టాండులో నాయుడు మేడమ్‌కు ఫోన్ చేశాడు. తాను అనాలనుకున్న వాక్యం అతనికి గుర్తే లేదు.

"చూపించినావా?"

"చూపించాను మేడమ్."

"ఏడ్చిందా?"

"లేదు మేడమ్. ఒక ప్రశ్న అడిగారు."

"ఏమడిగింది?"

చెప్పాడు. నీలం, ఎరుపు, మధ్యలో ఖాళీ. అడుగు అరలో ఉన్న ట్యూబుల సంగతి కూడా చెప్పాడు. అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. ఆమె లేచి నిలబడిందని నాయుడికి తెలిసింది.

"జవాబు నీకు తెలుసునా?"

"తెలీదు మేడమ్."

"నాకూ తెలీదు." ఆ గొంతులో సంతోషం దాచినా దాగడం లేదు. "ఎంత బాగుండాది నాయుడూ!"

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు ఊళ్ళ పేర్లు కేకేస్తున్నాడు.

"ఊ, ఇప్పుడు చెప్పు" అంది మేడమ్. "ఆమె మధ్యలో వదిలేసి వెళ్ళిపోయిందన్నావే, ఎప్పుడు వెళ్ళిపోయింది?"

నాయుడు బస్సెక్కి ల్యాప్‌టాప్ తెరిచి, పేపర్ అట్టడుగున ఉన్న ఎస్తేరు పేరు తీసి, పైన తన పేరు పక్కన పెట్టాడు.